ఏది రాదో సరిగ్గా చెప్పండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. నేను ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. బడిలో నేను ఎక్కువగా విన్న మాట "నాకు లెక్కలు రావు సార్" అన్నదే. ఈ మాట చెప్పేటప్పుడు ఎవరూ తడుముకోరు. సొంత ఊరి పేరు చెప్పినంత ధీమాగా చెబుతారు. తమ మీద నమ్మకం లేదనే పిల్లలకు, తమకు రాదన్న సంగతి మీద మాత్రం ఎంత నమ్మకమో!

ఏ లెక్క రాదని అడిగేవాణ్ణి. కూడిక వస్తుంది. కొట్టులో 50 రూపాయల నోటు ఇస్తే తిరిగి ఎంత రావాలో తెలుసు, రూపాయి తగ్గితే ఊరుకోరు కూడా. 6 ఓవర్లలో 54 పరుగులు కావాలంటే ఓవరుకు ఎన్ని? ప్రశ్న పూర్తి కాకముందే తొమ్మిది అంటారు. ఇలా అడుగుతూ పోతే చాలామంది దగ్గర చివరికి తేలేది భిన్నాలు. 1/2కి 1/3 కలపమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడి 2/5 అని వేస్తారు. "2/5 సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా?" అంటే వాళ్లకే నవ్వొస్తుంది. అప్పుడు క.సా.గు. 6 తీసుకుని, 3/6కి 2/6 కలిపి 5/6 అని వాళ్లే తేలుస్తారు. ఏనాడో జ్వరం వచ్చి బడి మానేసిన వారంలో జరిగిపోయిన ఒక్క పాఠం, పదో తరగతికి వచ్చేసరికి "నాకు లెక్కలు రావు" అయి కూర్చుంటుంది.

"నాకు ఇంగ్లీషు రాదు", "నలుగురిలో మాట్లాడలేను", "నేను మొద్దును" అనేవి కూడా చాలావరకు ఇలా పుట్టినవే. ఇందులో పెద్దవాళ్లం మేమూ తక్కువ తినలేదు. చుట్టాలకు కాఫీ అందిస్తూ "మావాడికి బుర్ర తక్కువండీ" అనేస్తాం. అన్నవాళ్లు కాఫీ చల్లారేలోగా మరిచిపోతారు, పక్కనే నిలబడి విన్న పిల్లవాడు మరిచిపోడు. అది ఎవరూ పరీక్షించి తేల్చిన సంగతి కాదని వాడికి ఆ వయసులో తట్టదు.

మరి అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ణి" అని రోజూ అనుకుంటే సరిపోతుందా? ఆ పద్ధతి మీద నాకు గురి లేదు. మనసు రుజువు అడుగుతుంది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, పాములంటే విపరీతంగా భయపడేవాళ్లతో పనిచేశారు. ధైర్యం గురించి ఉపన్యాసాలు ఇవ్వలేదు. ముందు ఇంకొకరు పామును పట్టుకుంటే దూరం నుంచి చూడమన్నారు. తరువాత కొంచెం దగ్గరికి రావడం, ఆపైన చేతికి తొడుగు వేసుకుని తాకడం, చివరికి వట్టి చేతులతో పట్టుకోవడం. ఏళ్లనాటి భయం కొన్ని గంటల్లో వదిలింది. అంతేకాదు, పాములతో ఏ సంబంధమూ లేని పనుల్లో కూడా వాళ్లకు తెగువ పెరిగింది. 1977లో బండూరా ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, ఒక పని చేయగలనన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం, దాన్ని కొంతైనా స్వయంగా చేసి ఉండటం. మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం కూడా సాయపడుతుంది. "శభాష్" అనే మాటకు విలువ ఉంది గాని, దాని బలం తక్కువ.

జాంబవంతుడికి ఈ సంగతి ఎప్పుడో తెలుసనిపిస్తుంది. కిష్కింధకాండలో సముద్రం ఒడ్డున వానరులు ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పుకుంటారు. గజుడు పది యోజనాలన్నాడు. ముసలి జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు నూరు యోజనాలు వెళ్లగలను గాని తిరిగి రావడం అనుమానమే అన్నాడు. తన కొలత చెప్పడానికి ఒక్కరూ సిగ్గుపడలేదు, ఆ ఘట్టంలో నాకు బాగా నచ్చేది అదే. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు అతణ్ణి ఉత్త పొగడ్తలతో లేపలేదు. పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఆకాశంలోకి ఎగిరిన సంగతి గుర్తుచేశాడు.

మన కాలంలో మాలావత్ పూర్ణను చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న ఆ అమ్మాయి 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. కానీ శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద. డార్జిలింగ్, లద్దాఖ్ కొండలు ఆ తరువాత వచ్చాయి.

మీరూ మీ భువనగిరి గుట్ట ఏదో వెతుక్కోండి. నలుగురిలో మాట్లాడలేననుకుంటే, రేపు తరగతిలో ఒక్క ప్రశ్న అడగండి, అదీ కూర్చున్న చోటి నుంచే. గుండె దడదడలాడుతుంది. పరుగు పందెం ముందు కూడా అలాగే కొట్టుకుంటుంది కదా, పట్టించుకోకండి. వారం పోయాక లేచి నిలబడి అడగండి. అక్కడ గొంతు పెగలకపోతే మళ్లీ కూర్చునే అడగండి, తప్పేమీ లేదు.

అన్నీ అందరికీ వస్తాయని కూడా నేను చెప్పను. నాకు పాట రాదు. ఓ సంగీతం మాస్టారి ఓపికను బాగా పరీక్షించాకే ఆ సంగతి తేలింది. అందుకని పెళ్లిళ్లలో పాడమంటే నవ్వి తప్పుకుంటానే తప్ప, తల దించుకోను.

జవాబు రాయండి. మీరు ఎంచుకున్న మొదటి పని ఏమిటో, చేశాక ఏం జరిగిందో వివరంగా ఉండాలి. చేతిరాత బాగాలేదని సందేహించవద్దు. జవాబు పత్రాలు దిద్దిన కళ్లు ఇవి, ఎలాంటి రాతనైనా చదువుతాయి.

ఇట్లు,
మీ మాస్టారు