యువజన సదస్సుల్లో విదేశీ స్నేహాలు: నేను తరచూ వినే అపోహలు, కళ్లారా చూసిన వాస్తవాలు

పదకొండేళ్లుగా నా పని ఇదే. బెంగళూరులో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న కుర్రవాళ్లు ఎవరైనా బయటి దేశాల్లో జరిగే యువజన సదస్సులకు ఎంపికైతే వాళ్లను సిద్ధం చేస్తాను, అప్పుడప్పుడు బృందంతో పాటు నేనూ వెళ్తాను. ఆదివారాలు కబ్బన్ పార్కులో కలుస్తాం. ఆ రోజు లోపలికి బళ్లు రానివ్వరు కాబట్టి గొడవ ఉండదు, లైబ్రరీ ఎర్ర భవనానికి కాస్త దూరంగా చెట్ల కింద కూర్చుంటాం. వచ్చేవాళ్లలో సగానికి సగం మనవాళ్లే. అనంతపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ పీజీల్లో ఉండేవాళ్లు. వీసా గురించి, ప్రసంగం గురించి, కోటు కొనాలా అద్దెకు తీసుకోవాలా అనే దాని గురించి అందరి ముందే అడుగుతారు. "అక్కా, అక్కడ నాతో ఎవరైనా మాట్లాడతారా?" అని మాత్రం మిగతావాళ్లు లేచి వెళ్లిపోయాక, చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడుగుతారు. నాకు ఆ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. దాని చుట్టూ ఉన్న భయాల గురించే ఈ పోస్టు.

అపోహ: ఇంగ్లీషు గడగడా వస్తేనే స్నేహితులు దొరుకుతారు

వాస్తవం: ఇలాంటి సదస్సులకు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లీషు రెండో భాషో మూడో భాషో. ఐక్యరాజ్యసమితికే ఆరు అధికార భాషలున్నాయి: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. నేను చూసినంతలో మనవాళ్లకు అసలు ఇబ్బంది తెచ్చేది వేగం. ఇక్కడ ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే వేగంతోనే అక్కడా మాట్లాడతారు, ఎదురుగా ఉన్న వియత్నాం అమ్మాయికి సగం అర్థం కాదు, అడగడానికి మొహమాటపడి నవ్వేసి వెళ్లిపోతుంది, మనవాడేమో తాను నచ్చలేదనుకొని రాత్రంతా బాధపడతాడు. ఒకసారి మా బృందంలో కదిరి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన అబ్బాయి ఉన్నాడు. చిన్న చిన్న వాక్యాలు, నిదానంగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడేవాడు. బ్రెజిల్ వాళ్లు, ఇండోనేషియా వాళ్లు భోజనాల దగ్గర వెతుక్కుంటూ వచ్చి అతని పక్కనే కూర్చునేవారు, ఎందుకంటే అతను చెప్పేది వాళ్లకు పూర్తిగా అందేది. అర్థం కాకపోతే "మళ్లీ చెప్తావా" అని అడగండి. ఇంకో చిన్న విషయం, మనం సరే అన్నట్టుగా తల పక్కలకు ఊపుతాం కదా, అది అవునో కాదో బయటివాళ్లకు తెలియదు. నోటితో చెప్పండి.

అపోహ: బ్యాడ్జి మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి

వాస్తవం: చాలా చోట్ల దరఖాస్తులోనే బ్యాడ్జి మీద ఏం రాయాలో విడిగా అడుగుతారు, మనవాళ్లు ఆ గడి చూసుకోరు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఆ తర్వాత వెంకట, సత్య, సాయి అంటూ మూడు నాలుగు మాటలు. దాంతో అక్కడ వాళ్లు మొదటి మాటో చివరి మాటో పట్టుకొని పిలుస్తారు, అది ఇంట్లో ఎవరూ పిలవని పేరు, పిలిచింది తననేనని కూడా వీళ్లకు తట్టదు. మిమ్మల్ని స్నేహితులు ఏమని పిలుస్తారో అదే రాయించుకోండి. పైగా పేరు మంచి కబురుకు దారి తీస్తుంది. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనదొక్కటే కాదు, చైనా, కొరియా, జపాన్ వాళ్లదీ అంతే, యూరప్‌లో హంగేరీ వాళ్లు కూడా అలాగే రాసుకుంటారు. ఇండోనేషియాలో ఇంటిపేరే లేకుండా ఒక్క పేరుతో ఉండేవాళ్లు చాలామంది. "మా ఊళ్లో ఇంటిపేరు చెప్తే ఎవరి తాలూకో తెలిసిపోతుంది" అని ఒక అమ్మాయి మొదలుపెడితే హంగేరీ కుర్రాడితో గంటన్నర మాటలు నడిచాయి, నేను పక్కనే ఉన్నాను.

అపోహ: చలాకీగా అందరినీ పలకరించేవాళ్లకే స్నేహాలు, ఎంతమందిని కలిస్తే అంత లాభం

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే.

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్త ఊరికి మారినవాళ్లను, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లను అడిగి, ముఖపరిచయం స్నేహంగా మారడానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేశారు. పైపై స్నేహానికి సుమారు 50 గంటలు, మామూలు స్నేహానికి 90, దగ్గరి స్నేహానికి 200 పైన. కలిసి పనిచేసిన గంటల కంటే ఊరికే కూర్చొని కబుర్లు చెప్పుకున్న గంటలే ఎక్కువ లెక్కకొచ్చాయి.

ఇప్పుడు ఐదు రోజుల సదస్సు తీసుకోండి. నిద్ర పోగా రోజుకు పన్నెండు గంటలు అనుకుంటే మీ చేతిలో ఉన్నవి 60. అందులో హాల్లో కూర్చొని వినే సమయం తీసేస్తే మిగిలేది ఇరవయ్యో పాతికో. వాటిని వందమందికి పంచితే ఒక్కొక్కరికి పావుగంట. నలుగురికి ఇస్తే మాత్రం నిజంగా ఏదో మొదలవుతుంది. అందుకే నేను మా వాళ్లకు మొదటి రోజే చెప్తాను, విజిటింగ్ కార్డుల కట్ట గదిలో పెట్టేసి రమ్మని.

ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయంటే బస్సు కోసం నిలబడినప్పుడు, టీ దగ్గర, బట్టలు ఆరేసుకునే చోట, రాత్రి ప్రెజెంటేషన్ అయిపోయాక కుర్చీలు సర్దేటప్పుడు. ఇదీ కొత్త సంగతి కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఇళ్ల సముదాయాన్ని పరిశీలించి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు 1950లోనే పుస్తకం ప్రచురించారు. పక్క గుమ్మం వాళ్లే ఎక్కువగా స్నేహితులయ్యారు, మెట్ల దగ్గర ఉన్నవాళ్లకు పై అంతస్తు వాళ్లతోనూ చనువు పెరిగింది. రోజూ నలుగురూ తిరిగే చోట ఉండటమే వాళ్లు చేసిన పని. కాబట్టి మాట కలపడం రానివాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే, ప్రతి విరామంలోనూ ఒకే చోట నిలబడండి. రెండో రోజుకి ముఖం గుర్తుంటుంది, మూడో రోజు "నిన్న నువ్వు టీ తాగలేదేం?" అని వాళ్లే అడుగుతారు.

మాట్లాడాక "నేనేదో తప్పుగా అన్నానేమో, విసిగించానేమో" అని గదికి వచ్చి నలిగిపోయేవాళ్లకు ఒక మాట. అపరిచితులు మాట్లాడుకున్న తర్వాత, అవతలి మనిషికి తాము నిజంగా నచ్చిన దానికంటే తక్కువ నచ్చామని అనుకుంటారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో తేల్చారు. అంటే మీకు కలిగే ఆ సందేహం అవతలివాళ్లకూ కలుగుతోంది. మర్నాడు మళ్లీ వెళ్లి పలకరించండి.

అపోహ: అక్కడికి వచ్చేవాళ్లంతా మన వయసువాళ్లే

వాస్తవం: యువత అనే మాటకు ఒక్కో చోట ఒక్కో కొలత. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 15 నుంచి 24 ఏళ్లు, మన దేశపు 2014 యువజన విధానంలో 15 నుంచి 29, ఆఫ్రికా యువజన చార్టర్‌లో 15 నుంచి 35. పందొమ్మిదేళ్ల మన అమ్మాయి పక్కన ఇద్దరు పిల్లల తల్లి అయిన కెన్యా ప్రతినిధి కూర్చుంటుంది. మనవాళ్లు పెద్దవాళ్లని దూరం జరుగుతారు. జరగకండి, నాకు మిగిలిన మంచి స్నేహాల్లో రెండు అలా దొరికినవే. అయితే వయసు తేడా ఉన్నప్పుడు జాగ్రత్తా ఉండాలి. ఎవరు ఎంత బాగా మాట్లాడినా పాస్‌పోర్టు చేతికివ్వొద్దు, రాత్రి బయటికి వెళ్తే ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి, గదిలో ఉన్న అమ్మాయికి చెప్పి వెళ్లండి. ఫోన్ చేసి అడిగే ప్రతి తల్లికీ నేను ఇదే చెప్తాను.

అపోహ: మనవాళ్లతో ఉంటే బయటివాళ్లు దొరకరు, అందుకే మనవాళ్లను తప్పించుకోవాలి

వాస్తవం: రెండు రకాలవాళ్లనూ చూశాను. తెలుగు మాట వినపడగానే గుంపు కట్టి ఐదు రోజులూ అక్కడే ఉండిపోయేవాళ్లు ఒక రకం, సాటి తెలుగువాడు పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చి పక్కకు తప్పుకునేవాళ్లు ఇంకో రకం. రెండోది నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు మన భాషలో రెండు మాటలు మాట్లాడుకుంటే టెన్షన్ సగం దిగిపోతుంది. భోజనాల దగ్గర మాత్రం విడివిడిగా కూర్చోవాలని మా బృందంలో ముందే అనుకుంటాం.

అసలు ఈ సాధన విమానం ఎక్కాక మొదలుపెడితే ఆలస్యమే. మీరు ఉండే పీజీలో మణిపూర్ వాళ్లు, ఒడియా వాళ్లు, మలయాళీలు ఉన్నారు. ఇంటి ఓనరు కన్నడిగ. నాలుగేళ్లు మారతహళ్లిలో ఉండి, ఆంధ్రా మెస్సులో తిని, మనవాళ్లతోనే సినిమాలకు తిరిగి, ఒక్క కన్నడ స్నేహితుడైనా లేకుండా విదేశీ స్నేహాల కోసం వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సదస్సుకు నెల ముందు నుంచి వారానికి ఒకసారి తెలుగు రానివాళ్లతో కలిసి భోంచేయమని చెప్తాను. "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని కింద వాచ్‌మన్‌ని అడగడంతో మొదలుపెట్టండి. బెరుకు పోయేది అక్కడే.

అపోహ: పాకిస్తాన్ వాళ్లతో మాట్లాడితే గొడవే

వాస్తవం: నేను వెళ్లిన చోట్ల గొడవ చూసింది తక్కువ. క్రికెట్‌తో, టీతో మొదలై ఇంట్లో అమ్మానాన్నల పెళ్లి ఒత్తిడి దాకా వస్తాయి మాటలు. మన దక్షిణాది పిల్లలకు హిందీ అంతంతమాత్రం కాబట్టి ఇంగ్లీషులోనే నడుస్తుంది. దేశాల మధ్య విషయం వస్తే వాదించి గెలవాలని చూడకండి, "మీ ఇంట్లో దీని గురించి ఏమనుకుంటారు?" అని అడిగి వినండి. ఇష్టం లేకపోతే "దీని గురించి మాట్లాడాలని లేదు" అని మర్యాదగా చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: ఖరీదైన కానుకలు తీసుకెళ్లాలి

వాస్తవం: అక్కర్లేదు. మైసూరు దారిలో చన్నపట్న బొమ్మలు దొరుకుతాయి, మన ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇంకా బాగుంటాయి, అంకుడు కర్రతో చేసి సహజ రంగులు అద్దుతారని చెప్పడానికి ఒక కథ కూడా ఉంటుంది. నాలుగు చాలు, ఆ నలుగురి కోసమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు చెక్కవస్తువులు, తినుబండారాలు ఉన్నాయని దిగేటప్పుడు ఫారంలో తప్పకుండా రాయాలి.

అపోహ: వాట్సాప్ గ్రూపు ఉంది కదా, స్నేహం నిలిచిపోతుంది

వాస్తవం: గ్రూపు మొదటి వారం ఫొటోలతో హోరెత్తిపోతుంది, రెండో నెలకి పండగ శుభాకాంక్షలు, ఆ తర్వాత ఏమీ ఉండదు. నిలిచే స్నేహాలన్నీ విడిగా పంపిన మెసేజీలతో నిలిచినవే. దేవనహళ్లి విమానాశ్రయంలో దిగిన వారం లోపల ఆ నలుగురికీ విడివిడిగా రాయండి, వాళ్లతో జరిగిన ఒక్క సంగతి గుర్తు చేస్తూ. "మీ తమ్ముడి పరీక్ష ఎలా అయింది?" అన్నది చాలు.

ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చైనావాళ్లు వాడే వీచాట్ యాప్ మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది, వాళ్ల దగ్గర వాట్సాప్ మామూలుగా పనిచేయదు, కాబట్టి రోజూ చూసుకునే ఈమెయిల్ అక్కడుండగానే అడిగి రాసుకోండి. జపాన్‌లో లైన్ అనే యాప్, కొరియాలో కాకావోటాక్ అనే యాప్ ఎక్కువ వాడతారు. గంటల తేడా కూడా లెక్క చూసుకోవాలి. మనకు ఉదయం ఏడైతే బ్రెజిల్‌లోని సావో పాలోలో ముందురోజు రాత్రి పదిన్నర, నైరోబీలో తెల్లవారుజామున నాలుగున్నర. నేపాల్ మనకంటే పావుగంట ముందు. నా కెన్యా స్నేహితురాలితో నేను ఫోన్‌లో మాట్లాడేది నెలలో మొదటి శనివారం, మన రాత్రి తొమ్మిదిన్నర, వాళ్లకు ఏడు. ఆమె చిన్న కూతురు అప్పటికి అన్నం తిని ఫోన్ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. కుదరని నెల ఎవరో ఒకరం ముందే చెప్పుకుంటాం, తర్వాతి శనివారానికి మార్చుకుంటాం.