ఎండిన బోరు పూడ్చే ఖర్చు ఎవరిది?

2017 ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ల పిల్లాడు మూత లేని బోరుబావిలో పడ్డాడు. పక్కనే గొయ్యి తవ్వి, అర్ధరాత్రి దాటాక ప్రాణాలతో బయటికి తీశారు. అప్పటికి ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడులో ఉంది. ఇలాంటివి జరిగినప్పుడల్లా బోరు ఎవరిదని ఆరా తీస్తారు. దాన్ని పూడ్చాల్సిన ఖర్చు ఎవరిదన్నది మాత్రం టీవీ వ్యాన్లు వెళ్లిపోయాక ఎవరికీ పట్టదు.

నీటి మీద హక్కు సంగతి ఎప్పుడో తేలింది. సొంత హద్దుల్లో నేల కింద ఉన్న నీళ్లు తోడుకునే హక్కు భూయజమానిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఒప్పుకుంది. ఖర్చు యజమాని మీద పడటమూ కొత్తేం కాదు. 1973 నాటి సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 133వ సెక్షన్, 2024 జులైలో దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 152వ సెక్షన్ ప్రకారం, దారి పక్కన ప్రమాదకరంగా ఉన్న బావికి కంచె వేయమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. సొంతదారు కాకపోయినా స్వాధీనంలో ఉంచుకున్నవారినీ అడగొచ్చు, అంటే కౌలుదారుకూ తప్పదు. వేయకపోతే తానే వేయించి, వాళ్ల సామాను అమ్మించి ఆ డబ్బు రాబట్టవచ్చు. కాకపోతే అది మొదట్లో దారి పక్క బావులను చూసి రాసిన సెక్షన్. పొలం మధ్యలో ఆరున్నర అంగుళాల బొక్క అప్పట్లో ఎవరి బుర్రలోనూ లేదు.

రాతి నేలలో బోరు ఫెయిలైతే జరిగేది ఇదీ: కేసింగ్ పైపు ఇంకో బోరుకు పనికొస్తుందని, లేదా అమ్మితే నాలుగు డబ్బులొస్తాయని రైతు దాన్ని లాగించేస్తాడు. పైపు పోగానే అంచు మట్టి రాలి నోరు వెడల్పవుతుంది. దాని మీద ఒక గోనెసంచి, ఒక రాయి పెట్టి ఊరుకుంటాడు. అప్పు తెచ్చి బోరు వేస్తే చుక్క నీరు రాలేదు, మళ్లీ ఖర్చు పెట్టమంటే ఎవరికైనా చెయ్యి రాదు.

2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బావులకు, బోరు వేసే రిగ్గులకు రిజిస్ట్రేషన్ పెట్టింది. బావుల విషయంలో దాని చూపు ఎక్కువగా నీళ్లు అడుగంటకుండా చూడటం మీదే. 2006లో హర్యానాలో ఓ పిల్లాడు బోరులో పడితే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ తర్వాతా ప్రమాదాలు ఆగలేదు. చివరికి సుప్రీంకోర్టే కలగజేసుకుని 2010 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చి, ఆగస్టులో సవరించింది. బోరు వేయడానికి 15 రోజుల ముందే భూయజమాని అధికారులకు రాసివ్వాలి. బోరు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, మూత వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులు బిగించాలి. వాడకుండా వదిలేస్తే అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. పని చెప్పారు గానీ, బిల్లు సంగతి విడిగా రాయలేదు. ఆ రాయని చోటే అందరూ తప్పుకుంటున్నారని నాకనిపిస్తుంది.

ఇంతకీ ఆ బిల్లు ఎంత? 500 అడుగుల బోరు నింపడానికి సుమారు మూడుంబావు ఘనపు మీటర్లు చాలు. ఒకటి, మహా అయితే రెండు ట్రాక్టర్ల మట్టి. బోరు వేసేటప్పుడు రిగ్గు పైకి చిమ్మిన రాతిపొడి పక్కనే కుప్పగా పడి ఉంటుంది, దాన్నీ వాడొచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.