నెత్తిన పడాల్సిన వాన టీవీలోంచి ఎందుకు వస్తోంది?

డాల్బీ ఆట్మాస్ కోసం, అంటే పైనుంచి కూడా శబ్దం వచ్చే హోమ్ థియేటర్ కోసం, ఫాల్స్ సీలింగ్‌లో నాలుగు స్పీకర్లు పెట్టించుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సినిమాలో వాన కురిసినా, హెలికాప్టర్ ఎగిరినా పైనుంచి వస్తున్నట్టు ఉండదు. నిచ్చెనెక్కి చెవి పెడితే పైస్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. కిందకి వచ్చి కూర్చుంటే మాత్రం శబ్దమంతా టీవీ వైపు నుంచే! ఎందుకని?" కారణం తెలియకుండా ఊరికే స్పీకర్లు మార్చినా, పైవాటి వాల్యూమ్ పెంచినా ఇది కుదురుకోదు. కారణం మన చెవిదొప్ప మడతల్లో ఉంది. ఆ మడతలు చేసే పని తెలిస్తే స్పీకరు ఎలాంటిది కొనాలో, ఎక్కడ బిగించాలో, గ్రిల్‌కి రంగు ఎలా వేయాలో కూడా దానంతట అదే తేలిపోతుంది.

ఎడమా కుడీ తేల్చుకోవడం మెదడుకి తేలిక. కుడివైపు శబ్దం కుడిచెవికి ముందు చేరుతుంది, ఎడమచెవికి కాస్త ఆలస్యంగా, కాస్త నీరసంగా చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. అంత చిన్న తేడానీ మెదడు పట్టేస్తుంది. మరి నడినెత్తి మీది శబ్దం సంగతేమిటి? అది రెండు చెవులకీ ఒకే క్షణాన, ఒకే బలంతో చేరుతుంది. సరిగ్గా ఎదురుగా ఉన్నదీ అంతే, వీపు వెనకదీ అంతే. రెండు చెవుల తేడా మీద ఆధారపడితే ఈ మూడింటినీ విడదీయడం కుదరదు.

విడదీసేది చెవిదొప్ప. బడిలో చెవి బొమ్మ గీయించి, వెలుపలి చెవి ధ్వని తరంగాలను పోగుచేసి లోపలికి పంపుతుందని ఒక్క వాక్యం చెప్పి, కర్ణభేరి దగ్గరకి వెళ్లిపోతారు. అసలు అద్భుతం అక్కడే జారిపోతుంది. పోగుచేయడమే పనైతే నున్నటి గరాటు చాలు. ఇన్ని గుంటలు, గట్లు, మెలికలు ఏం చేస్తున్నాయి?

చెవిరంధ్రం చుట్టూ ఉన్న గుంటని వేలితో తడిమి చూడండి. ఎదుటి నుంచి వచ్చిన శబ్దంలో కొంత నేరుగా రంధ్రంలోకి పోతుంది. కొంత ఆ గుంట వెనక గోడకి తగిలి, వెనక్కి తిరిగి, అప్పుడు లోపలికి పోతుంది. ఈ రెండోది రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ నడిచింది. ఆ అదనపు దారి ఏ తరంగానికి సరిగ్గా సగం పొడవో, ఆ తరంగం శిఖరం మీద లోయ వచ్చి పడి రెండూ చెల్లిపోతాయి. అంటే చెవిలోకి దిగిన శబ్దంలో ఆ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) దగ్గర ఒక గండి పడుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అనుకుని లెక్క వేద్దాం. అదనపు దారి 2.86 సెంటీమీటర్లైతే గండి 6 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 2.14 అయితే 8 దగ్గర, 1.7 అయితే 10 దగ్గర. శబ్దం పైకి జరిగేకొద్దీ ఈ దారి కురచవుతుంది, గండి పైపౌనఃపున్యానికి ఎక్కుతుంది. నిజమైన చెవిలో ప్రతిధ్వని ఒక్కటే కాదు కాబట్టి ఈ లెక్క స్థూలమే. అయినా కొలిచి చూస్తే గండి ఇంచుమించు 6 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్యే కదులుతుంది. గండి ఎక్కడుందో చూసి, శబ్దం ఎంత ఎత్తునుందో మెదడు చెప్పేస్తుంది!

జర్మన్ శాస్త్రవేత్త యెన్స్ బ్లావర్ట్ 1969లో ప్రచురించిన ప్రయోగాలు దీన్నే అటు నుంచి ఇటు తిప్పి చూపించాయి. 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పౌనఃపున్యాలు మాత్రమే ఉన్న శబ్దాన్ని వినిపిస్తే, అది ముందు స్పీకరులోంచి వచ్చినా, వెనకదాంట్లోంచి వచ్చినా, వినేవాళ్లు నెత్తి మీదనుంచి వచ్చిందనే చెప్పారు. నెదర్లాండ్స్‌లోని నైమేగెన్ విశ్వవిద్యాలయంవాళ్లు 1998లో ఇంకో అడుగు వేశారు. రంధ్రం మూసుకుపోకుండా, చెవి గుంటల ఆకారం మాత్రం మారేలా అచ్చులు పోసి కొందరికి తొడిగారు. ఎడమ కుడి గుర్తింపు దాదాపు అలాగే ఉంది, ఎత్తు గుర్తింపు మాత్రం పోయింది. అచ్చులతోనే తిరిగితే కొన్ని వారాల్లో అదీ మళ్లీ వచ్చింది. అచ్చులు తీసేశాక పాత చెవులతో కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. మెదడు పాత చెవి ఆకారానికొకటి, కొత్తదానికొకటి రెండు పటాలు దాచుకుందన్నమాట.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. ఒకరు కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఇంకొకరు తాళాలగుత్తిని ఒకసారి ముఖానికి ఎదురుగా, ఒకసారి నెత్తి మీద ఆడించాలి. ఎటో వేలితో చూపించమనండి. తరవాత చెవిదొప్ప గుంటల్ని చపాతీపిండితో పూడ్చి మళ్లీ ఆడించండి. రంధ్రం తెరిచే ఉండాలి, పిండి లోపలికి పోకూడదు. తప్పులు మొదలవుతాయి. తాళాలగుత్తే ఎందుకంటే దాని గలగలలో 6-10 కిలోహెర్ట్జ్ దండిగా ఉంటుంది. కోయిల కూతలో అది దాదాపు ఉండదు. అందుకే ఏ చెట్టు అన్నది తెలిసినా ఏ కొమ్మ అన్నది ఒక పట్టాన తేలదు.

ఇక సీలింగ్ దగ్గరకి వద్దాం. పైస్పీకరు పైనుంచే వినపడాలంటే దాని 6-10 కిలోహెర్ట్జ్ భాగం మీ చెవిదాకా చెక్కుచెదరకుండా రావాలి. బాస్‌తో ఈ విషయంలో పనిలేదు, అది సబ్‌వూఫర్ చూసుకుంటుంది. అయితే సీలింగ్ స్పీకరు నేలకేసి చూస్తుంది, మీరు దాని కిందే కూర్చోరు.

ఒక గది తీసుకుందాం. వెడల్పు 12 అడుగులు, పొడవు 16. ఫాల్స్ సీలింగ్ నేల నుంచి 9 అడుగులు, సోఫాలో చెవి 3.5 అడుగులు. తేడా 5.5 అడుగులు. 5.1.4కి, అంటే చెవి ఎత్తున అయిదు, ఒక సబ్‌వూఫర్, పైన నాలుగు స్పీకర్ల అమరికకి, డాల్బీ సూచన ఇలా ఉంటుంది. వినేవాడి చెవి నుంచి చూస్తే పై ముందు జత 30 నుంచి 55 డిగ్రీల ఎత్తులో ఉండాలి, పై వెనక జత వెనకవైపు అదే కోణంలో ఉండాలి. 45 డిగ్రీలకి పెడితే ముందు జత చెవికి 5.5 అడుగులు ముందుకి వస్తుంది. సోఫాలో చెవి వెనకగోడకి 5.5 అడుగుల దూరంలో ఉంటే, వెనక జతని చెవికి 4.5 అడుగులు వెనక్కి పెట్టండి. కోణం సుమారు 51 డిగ్రీలు, గోడకి ఇంకా అడుగు మిగులుతుంది. టీవీ పక్కనున్న ఎడమ కుడి స్పీకర్ల మధ్య 7 అడుగులుంటే, పైవాటికీ అదే ఎడం. అంటే గది మధ్యగీత నుంచి అటూ ఇటూ 3.5 అడుగులు.

ఇప్పుడు ముందు జత స్పీకరు నేరుగా చూసే గీతకి, అంటే దాని అక్షానికి, మీరు ఎంత పక్కగా ఉన్నారో చూడండి: దాదాపు 50 డిగ్రీలు. అంగుళం వెడల్పున్న ట్వీటర్‌ని, అంటే పైపౌనఃపున్యాలు పలికే చిన్న ముక్కని, చదునైన పళ్లెంలా ఊహించి లెక్క కడితే, అంత పక్కకి 8 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గుతుంది. పర్వాలేదు. 14 దగ్గర ఏడెనిమిది తగ్గుతుంది. అదే ట్వీటర్ లేకుండా ఒక్క కాగితపు కోన్‌తో చేసిన ఆరున్నర అంగుళాల స్పీకరైతే 3 కిలోహెర్ట్జ్ దగ్గరే 9-10 డెసిబెల్స్ పడిపోతుంది. 8 దగ్గర మిగిలేది అత్యల్పం. సూపర్‌మార్కెట్లలో, ఆస్పత్రుల్లో ప్రకటనలకి వాడే 100 వోల్టుల లైన్ స్పీకర్లు చాలావరకు ఈ రకమే. చవక కదాని ఇంటికి తెస్తే గండి ఉండాల్సిన చోటే శబ్దం ఉండదు, పైగా వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి ఇంట్లో రిసీవర్‌కి, అంటే స్పీకర్లన్నింటినీ నడిపే పెట్టెకి, కుదరవు. కొనాల్సింది కోన్‌కి తోడు విడిగా ట్వీటర్ ఉన్న 8 ఓమ్‌ల రెండుముక్కల (టూ-వే) స్పీకరు. ట్వీటర్ వంచగలిగేది అయితే మరీ మంచిది. బిగించాక మర్చిపోకుండా ఆ ట్వీటర్‌ని సోఫా వైపు వంచండి. నాలుగింటినీ నేలకేసి అలాగే వదిలేసిన ఇళ్లు చాలా ఉంటాయి.

సోఫా వెనకగోడకి ఆనుకుని ఉంటే నాలుగు పెట్టకండి. వెనక జతకి చోటే లేదు. రెండు చాలు: చెవికి ఒక అడుగు ముందు, అంటే 80 డిగ్రీల ఎత్తున. రిసీవర్ మెనూలో వాటిని టాప్ మిడిల్ అని నమోదు చేయాలి. ఫ్రంట్ హైట్ అని పెడితే రిసీవర్ వాటిని ముందుగోడ పైఅంచున ఉన్నట్టు భావించి శబ్దాన్ని పంచుతుంది.

ఇంకో పెద్ద పొరపాటు పక్క స్పీకర్ల దగ్గర జరుగుతుంది. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ వాటిని ఏడడుగుల ఎత్తున, కర్టెన్ రాడ్ పక్కన బిగిస్తాడు. పాత 5.1కి అది సరిపోయేది. ఇప్పుడు పక్కవీ పైనే, పైవీ పైనే అయితే మెదడుకి పోల్చుకోవడానికి కింద ఏముంది? పక్కవాటిని చెవి ఎత్తుకి లేదా కాస్త పైకి, మీ ఎదుటి నుంచి కొలిస్తే 90-110 డిగ్రీల దగ్గరకి, అంటే సరిగ్గా పక్కకి లేదా కాస్త వెనక్కి, దించండి. వాన సగం అక్కడే నెత్తి మీదకి ఎక్కుతుంది.

ఫ్యాను సంగతి విదేశీ మార్గదర్శకాల్లో సాధారణంగా కనిపించదు. మన ఇళ్లలో అది గది నడిమధ్యన ఉంటుంది. నిమిషానికి 350 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను, స్పీకరుకీ చెవికీ మధ్య గీతకి అడ్డొస్తే శబ్దాన్ని సెకనుకి 17-18 సార్లు కోస్తుంది, పైపౌనఃపున్యాల్నే ఎక్కువగా. పైన చెప్పిన గదిలో రెక్కలు 8 అడుగుల ఎత్తున ఉంటే, ముందు స్పీకర్ల నుంచి చెవికి వచ్చే గీత రెక్కల అంచుకి అడుగున్నర దూరంగా పోతుంది. మీ గదిలో స్పీకరు చోటు నుంచి సోఫాకి దారం పట్టి చూసుకోండి. పైకి చూసే రకం స్పీకర్లకి ఇది ఇంకా చిక్కు. అవి శబ్దాన్ని సీలింగ్‌కి కొట్టి కిందకి దించుతాయి, పైగా ఎత్తు భ్రమ కోసం సగటు చెవి గండిని శబ్దంలో ముందే కలుపుతాయి. ఫ్యాను, కోవ్ లైట్ల గట్లు, చెక్క డిజైన్లు ఉన్న సీలింగ్ ఆ పని చేయనివ్వదు. నిజంగా పైన ఉన్న స్పీకరు అయితే ఎవరి చెవికి తగ్గ గండి వాళ్ల చెవే వేసుకుంటుంది.

బోర్డు కొయ్యడానికి స్పీకరుతో వచ్చిన కాగితపు నమూనానే వాడండి. రంధ్రం జీఐ ఛానెల్ (బోర్డుని మోసే ఇనుప పట్టీ) మీద పడితే ఛానెల్ కొయ్యకండి, రెండు మూడు అంగుళాలు జరపండి. కోణం మారేది మహా అయితే సుమారు డిగ్రీన్నర. స్పీకరు బిగింపు రెక్కలు పట్టుకునేది జిప్సం బోర్డునే కాబట్టి, ఒక జీఐ తీగతో స్పీకరుని స్లాబ్‌కి విడిగా కట్టించండి. వెనక రాక్‌వూల్ ముక్క పెట్టిస్తే సీలింగ్ లోపలి ఖాళీ మోత తగ్గుతుంది. గరగర వినిపిస్తే స్పీకర్ని అనుమానించే ముందు వదులైన ఛానెల్ స్క్రూలు, లైట్ల డ్రైవర్లు చూడండి. రంగు విషయంలో పెయింటర్‌ని ఆపాలి. రోలర్‌తో ఎమల్షన్ వేస్తే గ్రిల్ రంధ్రాలు మూసుకుపోయి ముందు పోయేది పైపౌనఃపున్యాలే. గ్రిల్ ఊడదీసి, వెనక గుడ్డ తీసి, స్ప్రేతో పలచగా వేసి, వెలుతురుకి పట్టి ప్రతి రంధ్రమూ తెరిచి ఉందో లేదో చూడాలి.

వైర్ల గురించి నమ్మకాలు చాలా ఉన్నాయి, లెక్క మాత్రం చిన్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్లు వెళ్లి వస్తే నిరోధం 0.35 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకి ఇది అర డెసిబెల్ కూడా తగ్గించదు. 20 మీటర్లు దాటితే 2.5 వేయండి. అంతకు మించి మీటరుకి వేలు పోయడం వల్ల చెవికి అందేదేమీ లేదు. అలాగే టీవీ ఆగ్నేయంలో ఉండాలా, నైరుతిలోనా అన్నది శబ్దానికి పట్టదు. దానికి కావలసింది ఎడమ గోడా కుడి గోడా సమదూరంలో ఉండటం. కరెంటు తీగలున్న పైపులో స్పీకరు వైరు వేయించకండి. ప్లస్, మైనస్ అన్నింటికీ ఒకే వరసలో ఉండాలి. రిసీవర్ దగ్గర వైరు ఊడదీసి 1.5 వోల్టుల బ్యాటరీని, ప్లస్‌కి ప్లస్ వచ్చేలా, ఒక్క క్షణం తాకిస్తే, సరిగ్గా ఉన్న స్పీకరు కోన్ బయటికి తోసుకొస్తుంది.

తరవాత రిసీవర్ మైక్‌తో కొలత. మైక్‌ని చెవి ఎత్తున స్టాండ్ మీద పెట్టండి, చేత్తో పట్టుకోకండి, సోఫా వీపు మీద ఆనించకండి. పైస్పీకర్లని స్మాల్ అని ఉంచి, క్రాసోవర్, అంటే అంతకన్నా కింది శబ్దాన్ని సబ్‌వూఫర్‌కి మళ్లించే హద్దు, 100 లేదా 120 హెర్ట్జ్ ఇవ్వండి. సబ్‌వూఫర్ దూరం టేపు కొలత కన్నా ఎక్కువ చూపిస్తే దిద్దకండి, దాని లోపలి ఆలస్యాన్ని కూడా రిసీవర్ దూరంగానే లెక్కించింది.

అన్నీ సరిగ్గా ఉన్నా వాన పైకెక్కకపోతే రిసీవర్ తెర చూడండి. అక్కడ పీసీఎం అని కనిపిస్తే టీవీ శబ్దాన్ని తనే విప్పేసి పంపుతోంది. టీవీ ఆడియో సెట్టింగ్‌లో పాస్‌త్రూ లేదా బిట్‌స్ట్రీమ్ పెట్టాలి. ఓటీటీ ఆట్మాస్‌కి మామూలు ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదుగా రిసీవర్‌కి పంపే దారి) సరిపోతుంది. బ్లూరే డిస్క్‌లోని ట్రూహెచ్‌డీ రకం ఆట్మాస్ టీవీ మీదుగా రావాలంటే దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ కావాలి, లేదా ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే తగిలించాలి. చివరగా రిసీవర్‌లోని పరీక్ష శబ్దాన్ని పైస్పీకర్లలో ఒక్కొక్కదానికే పంపించి, కళ్లు మూసుకున్నవాళ్లని వేలితో చూపించమనండి. ఆ పరీక్ష శబ్దంలో 6-10 కిలోహెర్ట్జ్ కూడా ఉండాలి, లేకపోతే గండి పడదు. వేలు స్పీకరు మీదకి కాకుండా టీవీ వైపుకి జారితే, మళ్లీ నిచ్చెనెక్కి మొదట ఆ ట్వీటర్ ఎటు చూస్తోందో చూడండి, తరవాత గ్రిల్ రంధ్రాలు.