షిప్‌మన్ సంతకం

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 సెప్టెంబర్ 9 నుంచి ఒక్క డాక్టరు మాటతో మరణం నమోదు కావడం ఆగిపోయింది. అనుమానాస్పద మరణాలను విచారించే కరోనర్ అనే అధికారి దాకా వెళ్లని ప్రతి చావునూ, ఆ రోగికి వైద్యం చేయని మరో డాక్టరు పరిశీలించాలి. ఆయన్ని మెడికల్ ఎగ్జామినర్ అంటారు. ఆయన సరేనన్నాకే ధ్రువపత్రం రిజిస్ట్రార్‌కు చేరుతుంది. ఈ నిబంధన వెనక ఉన్న పేరు హెరాల్డ్ ఫ్రెడరిక్ షిప్‌మన్. గ్రేటర్ మాంచెస్టర్‌లోని హైడ్ అనే చిన్న పట్టణంలో జీపీ, అంటే కుటుంబ వైద్యుడు. కోర్టులో రుజువైన హత్యలు 15. ఆ తర్వాత విచారణ సంఘం పేరుపేరునా తేల్చినవి 215. మొత్తం 250 దాకా ఉండొచ్చని ఆ సంఘమే చివరికి అంచనా వేసింది.

షిప్‌మన్ 1946 జనవరి 14న నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు. అతనికి 17 ఏళ్లప్పుడు, 1963 జూన్‌లో, తల్లి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి రోజుల్లో డాక్టరు ఇంటికొచ్చి మార్ఫిన్ సూది వేస్తుంటే ఆమె నొప్పి తగ్గడం అతను చూశాడు. అతని గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగి, మిగతా అంతటికీ మూలం ఇదేనంటారు. అల్లడానికి వీలైన కథే గానీ, దాన్ని బలపరిచే సాక్ష్యం లేదు. షిప్‌మన్ చివరిదాకా ఏ హత్యనూ ఒప్పుకోలేదు, కారణమూ చెప్పలేదు. విచారణ సంఘానికి అధ్యక్షత వహించిన న్యాయమూర్తి డేమ్ జానెట్ స్మిత్ కూడా ఎందుకు చంపాడో తేల్చలేకపోయారు. ఎలా సాగిందన్నది మాత్రం తారీఖులతో సహా దొరుకుతుంది.

1970లో లీడ్స్‌లో వైద్యవిద్య పూర్తయింది. పాంటెఫ్రాక్ట్ ఆసుపత్రిలో కొన్నేళ్లు చేసి, 1974లో టాడ్‌మోర్డెన్‌లో జీపీగా చేరాడు. అక్కడే మొదటి నేరం బయటపడింది. పెథిడిన్ అనే నొప్పి మందును రోగుల పేర్ల మీద రాసి, తనే తెచ్చుకుని, తనే ఎక్కించుకునేవాడు. 1975లో తోటి డాక్టర్లు పట్టుకున్నారు. మరుసటి ఏడాది హాలిఫాక్స్ మేజిస్ట్రేట్ కోర్టు 600 పౌండ్ల జరిమానా వేసింది. డాక్టర్ల లైసెన్సు చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ హెచ్చరిక లేఖతో సరిపెట్టింది. మత్తుమందులు రాసే హక్కును ఎవరూ తీసెయ్యలేదు.

ఇక మీదట నియంత్రిత మందులు, అంటే పెథిడిన్ లాంటి మత్తుమందులు, దగ్గర ఉంచుకోనని షిప్‌మన్ అప్పుడు మాటిచ్చాడు. మందులు ఉంచుకోని డాక్టరు వాటికి రిజిస్టర్ పెట్టనక్కర్లేదు. రిజిస్టర్ లేనిచోట తనిఖీ చేసేవాళ్లు చూడటానికీ ఏమీ ఉండదు. శిక్షలా కనిపించిన ఆ మాటే ఇరవయ్యేళ్లకు పైగా అతనికి తెరలా పనిచేసింది. విచారణ సంఘం నిర్ధారించిన 215లో మొదటి హత్య 1975 మార్చిలో టాడ్‌మోర్డెన్‌లోనే జరిగింది. జరిమానా పడేనాటికి అతను అప్పటికే హంతకుడు.

1977లో హైడ్‌లోని డానీబ్రుక్ హౌస్‌లో, మరికొందరు డాక్టర్లతో కలిసి పనిచేసే చోట కుదిరాడు. అక్కడ ఉన్న కాలంలో 71 హత్యలు. 1992లో వాళ్లతో విడిపోయి, 21 మార్కెట్ స్ట్రీట్‌లో సొంత క్లినిక్ తెరిచాడు. పక్కన ప్రశ్నించే భాగస్వామి లేడు. అక్కడ 143. ఒక్క 1997లోనే 37. పిలిస్తే ఇంటికి వస్తాడని, ముసలివాళ్లతో ఓపిగ్గా మాట్లాడతాడని ఊళ్లో మంచి పేరు. జాబితాలో 3,000 మందికి పైగా రోగులు.

వాడిన మందు డయామార్ఫిన్, అంటే తీవ్రమైన నొప్పికి వాడే హెరాయిన్. క్యాన్సర్‌తో మంచాన పడ్డవాళ్ల పేరు మీద అవసరానికి మించి రాయించి తెచ్చేవాడు. రోగి పోయాక ఇంట్లో మిగిలిన ఆంపూల్స్‌ను తిరిగి ఇచ్చేస్తానని పట్టుకుపోయేవాడు. 1996లో ఒకే రోగి పేరు మీద ఒకేసారి 12,000 మిల్లీగ్రాములు తీసుకున్నాడు. మందుల దుకాణం రిజిస్టర్‌లో అది పద్ధతి ప్రకారమే నమోదైంది. దుకాణంలో స్టాకు, రిజిస్టరు సరిపోయాయా అని చూసే ఏర్పాటు ఉండేది. కౌంటర్ దాటి డాక్టరు చేతికి వెళ్లిన మందు చివరికి ఎవరి ఒంట్లోకి పోయిందని చూసే ఏర్పాటు ఉండేది కాదు.

చావులన్నిటికీ ఒకే పోలిక ఉంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లు. 215 మందిలో 171 మంది స్త్రీలే. మధ్యాహ్నం భోజనాల తర్వాత డాక్టరు ఇంటికి వెళ్లే వేళలోనే చావులు కుప్పపడ్డాయి. శవాలు మంచం మీద కాక కుర్చీలో, బయటికి వెళ్లే బట్టల్లోనే ఉండేవి. జబ్బుతో పోయినవాళ్ల లక్షణం కాదిది. దీన్ని మొదట గమనించింది వైద్యులు కాదు, అంత్యక్రియలు చేయించే కుటుంబం. ముసలివాళ్లను క్లినిక్‌లకు తిప్పే ఒక టాక్సీ డ్రైవరు కూడా, తన బేరాల్లో పోయినవాళ్ల పేర్లు వరసగా రాసిపెట్టుకున్నాడు.

మరి కాగితాలు ఎలా దాటాయి? అప్పటి పద్ధతిలో చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరే మరణ కారణం రాస్తాడు. చావుకు ముందు 14 రోజుల్లోగానీ, చనిపోయాకగానీ రోగిని చూసి ఉంటే చాలు, రిజిస్ట్రార్ అడ్డు చెప్పడు. షిప్‌మన్‌కు ఇదేమీ ఇబ్బంది కాలేదు, చాలాసార్లు చావు రోజునే ఇంటికి వెళ్లి వచ్చాడు కాబట్టి. గుండెపోటు, పక్షవాతం, లేదంటే వట్టి ‘వృద్ధాప్యం’ అని రాసేవాడు. పోస్టుమార్టం అక్కర్లేదని బంధువులకు నచ్చజెప్పేవాడు.

దహనానికి మాత్రం అప్పట్లో ఇంకో మెట్టు ఉండేది. ఫారం ‘ఎ’ బంధువుల దరఖాస్తు. ఫారం ‘బి’ వైద్యం చేసిన డాక్టరు నింపాలి. ఫారం ‘సి’ మీద కనీసం ఐదేళ్ల అనుభవమున్న వేరే డాక్టరు శవాన్ని చూసి, మొదటి డాక్టరుతో మాట్లాడి సంతకం పెట్టాలి. చివరన ఫారం ‘ఎఫ్’ మీద శ్మశానవాటిక మెడికల్ రెఫరీ అనుమతి. నాలుగు కాగితాలు, ముగ్గురు డాక్టర్లు. చూడటానికి గట్టి గొలుసే. కానీ బంధువులను అడిగారా, నర్సును అడిగారా అని ఫారం ‘సి’లో ఉన్న ప్రశ్నలకు ‘లేదు’ అని రాసినా చెల్లిపోయేది. శవాన్ని పైపైన చూస్తే డయామార్ఫిన్ జాడ కనిపించదు. అంటే రెండో డాక్టరుకూ, రెఫరీకీ ఉన్న ఆధారం మొదటి డాక్టరు చెప్పిన కథే. ఈ సంతకాలకు విడిగా ఫీజు ఉండేది, డాక్టర్లు దాన్ని సరదాగా ‘బూడిద డబ్బు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకునేవారు. కంచె చేను మేసిందని మన సామెత. ఇక్కడ మేసిన కంచే పంట లెక్క కూడా రాసింది.

1998 మార్చిలో గొలుసు ఒకచోట తెగబోయింది. షిప్‌మన్ ఫారాల మీద రెండో సంతకం పెట్టే బ్రూక్ సర్జరీ అనే క్లినిక్‌లో కొత్తగా చేరిన డాక్టర్ లిండా రెనాల్డ్స్ లెక్క చూశారు. తమ క్లినిక్ జాబితాలో 9,500 మంది ఉంటే మూడు నెలల్లో 14 మరణాలు. షిప్‌మన్ జాబితా అందులో మూడోవంతు, అతని రోగుల ఫారాల మీద తాము పెట్టిన సంతకాలు 16. అంత్యక్రియల నిర్వాహకుల అనుమానం కూడా తోడవడంతో మార్చి 24న ఆమె కరోనర్ జాన్ పొలార్డ్‌కు చెప్పారు. ఆయన పోలీసులకు చెప్పాడు.

ఆ దర్యాప్తు ఏప్రిల్ 17న మూతబడింది. షిప్‌మన్‌కు పాత శిక్ష ఉందేమోనని ఎవరూ చూడలేదు. చూసి ఉంటే 1976 పెథిడిన్ కేసు వెంటనే దొరికేది. మెడికల్ కౌన్సిల్‌నూ అడగలేదు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వచ్చిన మరణ ధ్రువపత్రాలు ఉండాల్సినన్ని లేవు. స్థానిక ఆరోగ్య సంస్థ వైద్య సలహాదారు కొందరి కేసు షీట్లు తిరగేసి తప్పేమీ లేదన్నాడు. ఆ షీట్లు రాసింది షిప్‌మనే. అప్పుడు పోస్టుమార్టానికి పంపగల రెండు శవాలు అందుబాటులోనే ఉన్నాయి, వాటినీ దహనం చేసేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు చనిపోయారు.

ఆ ముగ్గురిలో చివరి ఆమెకు 81 ఏళ్లు, ఒకప్పటి మేయరు భార్య. 1998 జూన్ 24న పోయింది. దాదాపు 3,86,000 పౌండ్ల ఆస్తి డాక్టరుకే రాసినట్టు ఒక వీలునామా సొలిసిటర్ల, అంటే లాయర్ల, ఆఫీసుకు చేరింది. ఆమె కూతురు స్వయంగా సొలిసిటరు. తల్లి వ్యవహారాలన్నీ చూసేది తనే. నాసిరకంగా టైపు చేసిన ఆ కాగితం చూడగానే అనుమానించింది. వీలునామాలో దహనం చేయమని ఉంది, కానీ ఆమెను అప్పటికే ఖననం చేసేశారు. ఆగస్టు 1న శవాన్ని తవ్వితీశారు. డయామార్ఫిన్ శరీరంలో మార్ఫిన్‌గా మారుతుంది, కండరాల్లో వారాల తర్వాత కూడా దొరుకుతుంది. తొడ కండరంలో దొరికింది. వీలునామా మీద షిప్‌మన్ వేలిముద్ర ఉంది, టైపు కొట్టిన బ్రదర్ కంపెనీ మిషను అతని క్లినిక్‌లోనే ఉంది. ఆమె అప్పుడప్పుడూ అరువు తీసుకెళ్లేదని చెప్పాడు. సెప్టెంబర్ 7న అరెస్టయ్యాడు.

కేసును నిలబెట్టింది మాత్రం కంప్యూటరు. రోగి రికార్డులో పాత తేదీ వేసి కొత్త మాట చేర్చవచ్చని షిప్‌మన్‌కు తెలుసు. ఆ మాట నిజంగా ఎప్పుడు టైపు అయిందో హార్డ్ డిస్క్ విడిగా దాచుకుంటుందని తెలియదు. ఒక రోగికి 1997 ఆగస్టు 1 తేదీతో ఛాతీనొప్పి ఉన్నట్టు నమోదైంది. అది టైపు చేసింది 1998 మే 11 మధ్యాహ్నం, ఆమె చనిపోయిన రోజునే. పోలీసులు ఆ సమయాన్ని సెకన్లతో సహా చదివి వినిపిస్తే, ఆ మార్పు చేసినట్టు గుర్తులేదన్నాడు. బంధువుల ముందు ‘అంబులెన్సుకు ఫోన్ చేశాను, ప్రాణం పోయింది కాబట్టి రద్దు చేశాను’ అని చెప్పిన చోట్ల, ఫోన్ రికార్డుల్లో అసలు ఆ కాలే లేదు. దహనమైపోయి శవపరీక్షకు వీల్లేని కేసుల్లో ఇలాంటి ఆధారాలే దిక్కయ్యాయి.

ప్రెస్టన్ క్రౌన్ కోర్టులో 1999 అక్టోబర్ 5న విచారణ మొదలైంది. 2000 జనవరి 31న 15 హత్యలూ, ఒక ఫోర్జరీ రుజువయ్యాయి, 15 యావజ్జీవ శిక్షలు పడ్డాయి. మెడికల్ కౌన్సిల్ ఫిబ్రవరిలో పేరు తొలగించింది. 2004 జనవరి 13న, 58వ పుట్టినరోజుకు ముందు రోజు, వేక్‌ఫీల్డ్ జైల్లో ఉరేసుకున్నాడు.

లెక్కలు ముందే చూసి ఉంటే పట్టుబడేవాడా? లెస్టర్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ రిచర్డ్ బేకర్ 2001లో, అలాంటి రోగులే ఉన్న ఇతర జీపీలతో పోల్చారు. షిప్‌మన్ దగ్గర మామూలు కంటే 236 మరణాలు ఎక్కువ. చావు సమయంలో డాక్టరు ఎదురుగా ఉండటం ఇతర జీపీల దగ్గర నూటికి ఒకటి కూడా లేదు, షిప్‌మన్ దగ్గర నూటికి 19 పైచిలుకు. గణాంక శాస్త్రజ్ఞులు ఆ అంకెలనే ఏడాదివారీగా పేర్చి చూస్తే, 1980ల మధ్యలోనే గంట మోగాల్సింది. కాకపోతే ఒక్కో డాక్టరు దగ్గర ఎంతమంది పోతున్నారో లెక్కపెట్టే పని అప్పట్లో ఎవరిదీ కాదు.

డేమ్ జానెట్ స్మిత్ సంఘం 2002 నుంచి 2005 వరకు ఆరు నివేదికలు ఇచ్చింది. ఖర్చు 2 కోట్ల 10 లక్షల పౌండ్లు. మందుల సంగతి కాస్త త్వరగానే తేలింది. 2006 హెల్త్ చట్టంతో నియంత్రిత మందులకు జవాబుదారీ అధికారులు వచ్చారు, ఆ మందుల చీటీ 28 రోజులకే చెల్లేలా చేశారు. డాక్టర్ల లైసెన్సును ఐదేళ్లకోసారి పునఃపరిశీలించే పద్ధతి 2012 డిసెంబర్‌లో మొదలైంది. మరణ ధ్రువీకరణ మాత్రం నత్తనడక నడిచింది. మూడో నివేదిక 2003లో వచ్చింది. మెడికల్ ఎగ్జామినర్ పదవికి 2009లో చట్టం చేశారు, ఆసుపత్రుల్లో 2019 నుంచి స్వచ్ఛందంగా అమలు చేశారు, తప్పనిసరి చేసింది 2024లో. దహనానికి రెండో డాక్టరు సంతకం ఈలోపే, కోవిడ్ కాలంలో, మాయమైంది. షిప్‌మన్‌ను ఆపలేకపోయిన ఆ కాగితం పోయిందని బాధపడినవాళ్లు తక్కువే.

కొత్త పద్ధతిలోనూ ఎగ్జామినర్ ముందుకొచ్చేది చాలావరకు వైద్యం చేసిన డాక్టరు రాసిన నోట్సే. అయితే ఆయన బంధువులకు ఫోన్ చేసి, మరణ కారణం వివరించి, మీకేమైనా సందేహాలున్నాయా అని అడగాలి. షిప్‌మన్ కాలంలోనూ ఫారం ‘సి’లో ఆ గడి ఉండేది, అందులో ‘లేదు’ అని రాసేవారు.