డెలివరీ బండి గుద్దితే పరిహారం ఎవరిస్తారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

మోటారు ప్రమాదాల కేసులు వాదించే నా దగ్గరికి ఈమధ్య ఫుడ్ డెలివరీ బైకులు గుద్దిన బాధితులు ఎక్కువగా వస్తున్నారు. వాళ్లలో చాలామంది రైడర్ వీపు మీది సంచి ఫొటో చూపిస్తారు. నేను బండి నంబరు అడుగుతాను. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా ఆ నంబరు దగ్గరే.

అపోహ: సంచి మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీయే డబ్బు కట్టాలి.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం బాధ్యత బండి నడిపిన వ్యక్తిది, బండి యజమానిది. వారి తరఫున చెల్లించాల్సింది ఆ బండికి బీమా ఇచ్చిన సంస్థ. డెలివరీ యాప్ మామూలుగా ఆ బండికి యజమాని కాదు. రైడర్ తన ఉద్యోగి అని కూడా ఒప్పుకోదు, ‘డెలివరీ పార్ట్‌నర్’ అంటుంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి సైతం గిగ్ కార్మికులను, అంటే ఇలా పనిని బట్టి డబ్బు తీసుకునేవారిని, యజమాని, ఉద్యోగి అనే పాత సంబంధానికి వెలుపలి వారిగానే నిర్వచించింది. లాభాలు పంచుకోని ఈ ‘భాగస్వామ్యం’ నాకైతే మింగుడుపడదు. అయినా నా అభిప్రాయంతో బాధితుడి ఆసుపత్రి బిల్లు తీరదు కదా. యాప్ కంపెనీని ప్రతివాదిగా చేర్చడంలో తప్పు లేదు. దాని మీదే ఆశ పెట్టుకుని బండి పాలసీ వివరాలు సేకరించకపోవడం మాత్రం ప్రమాదకరం.

రైడర్ ఆగకుండా వెళ్లిపోతే ఆ సంచి మీది పేరు పనికొస్తుంది. ఆ సమయంలో ఆ వీధిలో ఎవరి ఆర్డరు నడుస్తోందో చెప్పమని దర్యాప్తు అధికారి కంపెనీని అడగవచ్చు. ఫిర్యాదులో పేరు, సమయం, చోటు స్పష్టంగా రాయండి. బండి ఎవరిదో చివరిదాకా తేలకపోతే ‘హిట్ అండ్ రన్’ కింద వచ్చేది తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు మాత్రమే.

అపోహ: పాపం, ఆ అబ్బాయి దగ్గర ఏముంది? కేసు వేసినా లాభం లేదు.

జాలి మంచిదే, కానీ చాలా కేసుల్లో డబ్బు కట్టేది అతను కాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. గాయానికి, మరణానికి ఆ పాలసీ కింద గరిష్ఠ పరిమితి ఉండదు. ‘ఇన్సూరెన్స్ అయిపోయింది సార్’ అని రైడర్ చెప్పినా వెంటనే నమ్మకండి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. బండి సొంత నష్టానికి సంబంధించిన భాగం ముగిసిపోయి, థర్డ్ పార్టీ భాగం ఇంకా నడుస్తుండవచ్చు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే తెలిసిపోతుంది.

అపోహ: తెల్ల నంబరు ప్లేటు బండితో డెలివరీలు చేశాడు కాబట్టి ఇన్సూరెన్స్ చెల్లదు.

ఈ మాట బీమా కంపెనీ తప్పకుండా ఎత్తుతుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీని వ్యాపారానికి వాడారనో, లైసెన్సు లేదనో, యాప్ ఐడీ ఒకరిదైతే నడిపింది ఇంకొకరనో అంటుంది. ఐడీ గొడవ రైడర్‌కు, యాప్‌కు మధ్యది, దానితో బాధితుడికి సంబంధం లేదు. మిగతా వాటికి చట్టంలో ఆధారం ఉంది. కానీ ఉల్లంఘన జరిగిందని నిరూపించాల్సింది బీమా కంపెనీయేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ నిరూపించినా, ముందు బాధితుడికి చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రైబ్యునళ్లు ఆదేశించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది అసలు నంబరు ప్లేటే లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్. మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా, బరువు కూడా పరిమితిలో ఉంటే నిబంధనల ప్రకారం అది మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. అది గుద్దితే ట్రైబ్యునల్ తలుపు మూసుకుపోయి, సివిల్ కోర్టులో దావా వేయాల్సి వస్తుంది. అక్కడ యాప్ సంస్థ బాధ్యత, బండి అద్దెకిచ్చిన సంస్థ బాధ్యత అసలు వివాదాంశాలవుతాయి. వేగం పెంచేలా స్కూటర్‌ను మార్చి ఉంటే, అది మోటారు వాహనమేనన్న మన వాదనకు బలం వస్తుంది. అందుకే బండిని వదిలేయకముందే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌తో పరీక్ష చేయించమని పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

అపోహ: పరిహారం అంటే ఆసుపత్రి బిల్లులు తిరిగి రావడం.

ఈ అపోహ వల్లే స్టేషన్‌లో ఇరవై వేలు పుచ్చుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టేస్తారు. ఒక ఊహా ఉదాహరణతో లెక్క చూడండి. 32 ఏళ్ల టైలర్, నెలకు 18 వేల సంపాదన. కాలు విరిగి మిషన్ తొక్కలేకపోవడంతో సంపాదన శక్తిలో 20 శాతం శాశ్వతంగా పోయిందని ట్రైబ్యునల్ తేల్చిందనుకుందాం. ఏడాది ఆదాయం 2,16,000. స్వయం ఉపాధి, వయసు 40 లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,02,400. అందులో 20 శాతం 60,480. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చవేయాల్సిన సంఖ్య, 16. మొత్తం 9,67,680 రూపాయలు. చికిత్స ఖర్చు, మంచం మీద ఉన్న నెలల ఆదాయం, నొప్పికి, బాధకు ఇచ్చేది దీనికి అదనం.

ఇక్కడ కీలకం ఆ 20 శాతం ఎలా వచ్చిందన్నది. డాక్టరు రాసిన వైకల్య శాతం వేరు, సంపాదన శక్తిలో పోయిన శాతం వేరు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచింది: ఎడమ చెయ్యి పోతే వడ్రంగికి జీవనాధారం దాదాపు పూర్తిగా పోవచ్చు, గుమస్తా ఉద్యోగం మాత్రం నిలబడవచ్చు. సదరం సర్టిఫికెట్ ఒక్కటి జతచేసి ఊరుకుంటే చాలదు. మీరు చేసే పనేమిటో, ఆ గాయంతో అందులో ఏది చేయలేరో సాక్ష్యంలో రావాలి. చికిత్స చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించడం ఖర్చుతో కూడిన పనే, అయినా చేయించండి.

మందుల షాపు బిల్లులు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్సు తీయించండి.

అపోహ: కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ తరువాత చాలాకాలం ఇది నిజమే. 2019 సవరణ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న గడువు పెట్టింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ గడువును సవాలు చేసిన వ్యాజ్యంలో, కాలం దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మధ్యంతర ఆదేశాన్ని నమ్ముకుని మాత్రం నిద్రపోకండి.

పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ సమగ్ర నివేదికనే ట్రైబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు. కాగితం మీద ఏర్పాటు చక్కగానే ఉంది. నా సలహా మాత్రం సొంతంగా ఓపీ (ఒరిజినల్ పిటిషన్, అంటే పరిహారం కోరే పిటిషన్) వేసుకోమనే. ప్రమాదం జరిగిన చోటే వేయాలని కూడా లేదు. గచ్చిబౌలిలో దెబ్బ తగిలి సొంతూరు శ్రీకాకుళం వెళ్లి అక్కడే ఉంటున్నవారు అక్కడి ట్రైబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

అపోహ: నాకు హెల్మెట్ లేదు కాబట్టి నోరెత్తకూడదు. జరిమానా వేరు, పరిహారం వేరు. ముగ్గురు ఒకే బండి మీద వెళ్లినంత మాత్రాన, ప్రమాదానికి అది కారణం కాకపోతే, పరిహారం తగ్గించరాదని 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తలకు దెబ్బ తగిలినప్పుడు హెల్మెట్ ప్రశ్న వస్తుంది, కొంత కోత పడవచ్చు. కాలు విరిగిన కేసులో ఆ ప్రశ్నకు అర్థమే లేదు.

అపోహ: క్రిమినల్ కేసు కొట్టేస్తే పరిహారం కూడా పోతుంది. పోదు. అక్కడ అనుమానాలకు తావులేని రుజువు కావాలి, ఇక్కడ ఏది ఎక్కువ సంభావ్యమో చూస్తారు.

అపోహ: బీమా కంపెనీ ముందుగా ఇస్తానన్నది తీసుకుని, మిగతాది తరువాత కోర్టులో అడగవచ్చు.

ఎవరి తప్పో నిరూపించనక్కర్లేకుండా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు వస్తాయి. చట్టం చెప్పిన పద్ధతిలో ఆ మొత్తం ఒప్పుకుంటే ట్రైబ్యునల్‌లో మీ పిటిషన్ రద్దయిపోతుంది. పైన టైలర్ లెక్క చూశారు కాబట్టి ఆ సంతకం ఖరీదెంతో మీకే తెలుస్తుంది. తక్షణ చికిత్సకు డబ్బు లేదన్న ఆందోళనతోనే చాలామంది ఒప్పుకుంటారు. అందుకు 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది: నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల వరకు.

చివరిగా, దెబ్బ తగిలింది రైడర్‌కే అయితే? ఎదుటి బండి తప్పుంటే అతనూ అందరిలాగే క్లెయిమ్ వేయవచ్చు. తప్పు తనదే అయితే ఎదుటి బండి బీమా మీద ఆశ పెట్టుకోలేడు. బండి తన పేరునే ఉండి, వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకుని ఉంటే 15 లక్షల వరకు రక్షణ ఉంటుంది, అదీ మరణానికి, పాలసీలో చెప్పిన శాశ్వత వైకల్యాలకు మాత్రమే. స్నేహితుడి బండి మీద తిరిగే రైడర్‌కు ఇది వర్తించదు. అలాంటివారు యాప్ ఇచ్చే గ్రూపు పాలసీ షరతులను, ముఖ్యంగా ప్రమాద సమాచారం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, ఇప్పుడే చదివి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి.