"ఎవరికమ్మా, ఏం కార్యం?": బట్టల వ్యాపారంలో అపోహలు - వాస్తవాలు

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర 16 ఏళ్లుగా బట్టల షాపు నడుపుతున్నాను. కొత్తగా షాపు పెట్టే పిల్లలు సలహా కోసం వస్తుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: మన దగ్గర జనం రేటు ఒక్కటే చూస్తారు.

వాస్తవం: రేటు చూస్తారు. కానీ అంతకంటే ముందు ఆ చీర ఎవరికి పెడుతున్నామో చూస్తారు. మొన్న దేవరకొండ వైపు నుంచి ఒకామె తమ్ముణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఇద్దరు బిడ్డలకు ఒడిబియ్యం (పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి చీర పెట్టే వేడుక) పోస్తోంది. మా షాపు అమ్మాయిలు 600 నుంచి 2,000 దాకా చీరలు కుప్ప పోశారు. ఒక్కటీ చేతిలోకి తీసుకోలేదు. అడిగితే తెలిసింది: రెండూ ఒకే రేటువి కావాలి, రంగులు వేరుగా ఉండాలి, అంచు ఉండాలి, నలుపు చుక్క కూడా కనపడొద్దు. ఒకదానికి 50 రూపాయలు తగ్గినా "అక్కకే మంచిది పెట్టినవ్" అనే మాట ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఆ లెక్క తెలిశాక పావుగంటలో బేరం తెగింది. వియ్యపురాళ్లకు తీసిన రెండు చీరలకైతే బేరమే ఆడలేదు. రేటు చీటీ తీయబోతే "ఉండనీ" అంది. అప్పటి నుంచి మా షాపులో ఎవరికి, ఏం కార్యం అని అడిగాకే బట్ట కిందికి దించుతున్నాం.

అపోహ: తెలుగువాళ్లంతా ఒకే మార్కెట్.

వాస్తవం: మొదటి ఏడాది ఒక కోస్తా హోల్‌సేల్ వ్యాపారి మాట నమ్మి సంక్రాంతికి లోడు దించాను. సగం సరుకు ఎండాకాలం దాకా ర్యాకుల్లోనే ఉంది. ఇక్కడ ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు తీసేది దసరాకు. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైతే సద్దుల బతుకమ్మ దాకా కౌంటర్ దగ్గర ఊపిరాడదు.

అపోహ: ఆషాఢంలో ఎవరూ కొనరు, అందుకే డిస్కౌంట్లు.

వాస్తవం: సగమే నిజం. పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడలు పుట్టింటికి పోతుంది. అయినా శ్రావణం పెళ్లిళ్లలో పెట్టాల్సిన చీరలు చాలామంది ఆ డిస్కౌంట్లలోనే తీసి దాచుకుంటారు. పెళ్లికూతురి పట్టుచీరకు మాత్రం మంచి రోజు కోసం ఆగుతారు. కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు పంచాంగం తిరగేయండి. 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం పడింది, ముహూర్తాలు నెల ఆలస్యమయ్యాయి. ముందే సరుకు దించుకున్నవాళ్ల టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అపోహ: చదువుకున్న పిల్లలకు ఆచారాలు పట్టవు.

వాస్తవం: నలుగుకు పాత చీర కట్టే రోజులు పోయాయి. ఇప్పుడు హల్దీ అంటే చుట్టాలందరికీ పసుపు రంగు బట్టలే.

అపోహ: బట్ట మంచిదైతే ఎక్కడైనా, ఎవరైనా కొంటారు.

వాస్తవం: మా పాత నల్గొండ జిల్లా పుట్టపాక తేలియా రుమాలునే తీసుకోండి. నూలును నూనె, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులు. మన పెళ్లింట్లో వద్దనే నలుపే అందులో ముఖ్యమైన రంగు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డగా ఎగుమతయ్యేది, ఎండకు తలకు చల్లగా ఉంటుందని అక్కడ ఇష్టపడేవాళ్లు. 2020లో దానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. నేతగాళ్లు ఇప్పుడు ఆ పనిని చీరలు, దుపట్టాల మీదికి తెచ్చారు. ఒడిబియ్యానికి వచ్చినామెకు నేను అది చూపించను. అదే ఆమె చిన్నబిడ్డ, హైదరాబాద్‌లో ఆఫీసుకు పోయే పిల్ల, షాపుకొస్తే ముందు అదే పరుస్తాను.