లేఅవుట్ మ్యాపులో పచ్చరంగు: నెల్లూరు, ఒంగోలు పార్కుల వెనక కథ

నెల్లూరులో ఇళ్ల స్థలాల ధర అంకణాల లెక్కన చెబుతారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు. సెంటుకు సుమారు 6 అంకణాలు వస్తాయి. పది ఎకరాల పొలాన్ని ప్లాట్లు చేస్తే అందులో పదో వంతు, అంటే ఒక ఎకరం, పార్కుకు వదలాలి. అంకణాల్లో చెబితే ఆరు వందలు. ఆ లెక్క ఒకసారి మనసులో పెట్టుకుంటే ఇక్కడ పార్కు స్థలాలకు ఏం జరుగుతోందో సగం అర్థమవుతుంది.

మా కాలనీ లేఅవుట్ మ్యాపులో కూడా ఆ ఎకరానికి పచ్చరంగు వేసి చూపించారు. ప్లాటు కొనేటప్పుడు మా ఇంట్లో అందరం ముందు చూసుకున్నది దాన్నే. పార్కుకు ఎదురు ప్లాటు అని అంకణానికి కొంత ఎక్కువ పెట్టి మరీ కొన్నాం. ఇప్పుడు ఆ ఎకరంలో ఒక మూల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, ఇంకో మూల చిన్న గుడి ఉంది, రోడ్డు వైపు నాలుగు షట్టర్లు లేచాయి. మిగిలిందంతా చిల్లచెట్లు. షట్టర్లు ఎవరివని అడిగితే స్థలం యజమానివే అన్నారు. పార్కుకు యజమాని ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే నూట యాభై ఏళ్లకు పైబడిన కథ బయటపడుతుంది.

నెల్లూరు మున్సిపాలిటీ 1866లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాది మద్రాసు ప్రభుత్వం తెచ్చిన పట్టణాభివృద్ధి చట్టం దానికి ఆధారం. ఒంగోలుకు 1876లో మున్సిపాలిటీ వచ్చింది. ఆ రోజుల్లో మున్సిపాలిటీ పని అంటే రోడ్లు, వీధి దీపాలు, మురుగు, కలరా ప్రబలకుండా చూడటం. పార్కు కావాలని అడిగే అవసరం జనానికి లేదు. 1901 లెక్కల్లో నెల్లూరు జనాభా 32 వేలు. నాలుగు వీధులు దాటితే మాగాణి పొలాలు, ఉత్తరాన పెన్న ఇసుక, ఊరి పక్కనే పెద్ద చెరువు. సాయంత్రం కాసేపు గాలి పీల్చుకోవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ చెరువే స్వర్ణాల చెరువు. ఆ ఒడ్డునే బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో మోకాటి లోతు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని మార్చుకునే రొట్టెల పండుగ ఇక్కడే జరుగుతుంది. మతంతో పని లేకుండా లక్షల మంది వస్తారు. 2015లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఇదే చెరువు దగ్గర ఇరుకళల పరమేశ్వరి అమ్మవారి గుడి ఉంది, వినాయక నిమజ్జనానికి గణేశ్ ఘాట్ ఉంది. నన్నడిగితే నెల్లూరు మొదటి పార్కు ఆ చెరువు కట్టే. కాకపోతే దాన్ని పార్కు అని ఎవరూ పిలవలేదు, కాగితం మీద అది ఎప్పుడూ సాగునీటి చెరువే.

ఆటలకు బడులూ కాలేజీలూ ఉండేవి. 1920లో కాలేజీ స్థాయికి చేరిన వీఆర్ కాలేజీ గ్రౌండు ఎన్ని తరాల పిల్లలకు క్రికెట్ నేర్పిందో, ఎన్ని బహిరంగ సభలు చూసిందో లెక్క లేదు. తర్వాత ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వచ్చింది. ఒంగోలులో ఆ పని 1860ల్లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఆవరణలు, మున్సిపల్ హైస్కూలు గ్రౌండ్లు చేశాయి. ఇప్పటికీ తెల్లవారుజామున వాకింగ్‌కు జనం చేరేది ఎక్కువగా ఇలాంటి గ్రౌండ్లకే.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. చెరువు సాగునీటి శాఖది, గ్రౌండు కాలేజీది, కోనేరు గుడిది, తోపు దర్గాదో మిషన్‌దో. ఊరికి ఆడుకునే చోటు దొరికింది గానీ, ఊరి పేరు మీద ఆ చోటు లేదు. తన పేరు మీద పార్కు స్థలం ఉంచుకునే అలవాటు మున్సిపాలిటీకి పడలేదు. ఊరు చిన్నగా ఉన్నంత కాలం ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి జిల్లా మున్సిపాలిటీల చట్టం, రెండోది పట్టణ ప్రణాళిక చట్టం. ఊరు ఎటు పెరగాలి, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, పార్కు ఎక్కడ ఉండాలి అని ముందే గీసుకోవచ్చని మొదటిసారి చెప్పింది ఈ రెండోదే. ఆంధ్రలో ఈ చట్టం తర్వాత కూడా చాలాకాలం అమల్లో ఉంది. కానీ మ్యాపులో గీసినంత మాత్రాన భూమి మున్సిపాలిటీది కాదు. డబ్బు కట్టి సేకరించాలి. రోడ్డు గుంటలు పూడ్చడానికే చాలని ఖజానాతో పార్కుకు భూమి కొనేదెవరు? గీత గీతగానే ఉండిపోయేది. కింద భూమి మాత్రం చేతులు మారేది.

1953 అక్టోబర్ 1న మనం మద్రాసు నుంచి విడిపోయాం. అందుకోసం ప్రాణం ఇచ్చిన పొట్టి శ్రీరాములు పేరే నెల్లూరు జిల్లాకు ఉంది, ఆ విషయంలో మనకు గర్వమే. అయితే ఆరేళ్ల తర్వాత, 1959లో, మద్రాసు రాష్ట్రం పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల రక్షణకని విడిగా ఒక చట్టం చేసింది. ప్రతి మున్సిపాలిటీ తన పరిధిలోని పార్కుల, గ్రౌండ్ల జాబితా తయారుచేసి ప్రభుత్వానికి పంపాలి. జాబితాలోకి ఎక్కిన స్థలాన్ని అనుమతి లేకుండా ఇంకో పనికి వాడకూడదు. అప్పటికి మనం వేరే రాష్ట్రం కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాలేదు. చట్టం ఉన్నచోట కబ్జాలు లేవని నేను అనను. కానీ అప్పుడే ఒక జాబితా రాసి పెట్టుకుని ఉంటే, ఇవాళ ఏది పార్కు, ఏది కాదు అన్న వాదనే ఉండేది కాదు.

మనకు 1965లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం వచ్చింది. లేఅవుట్ వేసేవాళ్లు అనుమతి తీసుకోవాలని, రోడ్లు వేయాలని, ఖాళీ స్థలం వదలాలని అది చెప్పింది. అదే చట్టంలో ఆస్తిపన్ను ఎలా విడగొట్టారో చూడండి. సాధారణ పన్ను, నీరు–డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అని ఉంటాయి. వీటికి తోడు 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం లైబ్రరీ సెస్సు రూపాయికి 8 పైసలు వసూలు చేస్తారు. పార్కుకు మాత్రం విడిగా పైసా లేదు. అన్నిటికీ పోగా మిగిలితే పార్కుకు. మిగిలేది ఎప్పుడు? 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలను మున్సిపాలిటీల బాధ్యతల్లో చేర్చింది. బాధ్యత వచ్చింది, డబ్బు మాత్రం వెంట రాలేదు.

1970లో ఒంగోలు జిల్లా కేంద్రమైంది, రెండేళ్లకు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కలెక్టరేటు, ఆఫీసులు, క్వార్టర్లు, వాటి చుట్టూ కాలనీలు వచ్చాయి. నెల్లూరులో వరి, రొయ్య సంపాదన ప్లాట్లలోకి మళ్లింది. ఊరి చుట్టూ ఉన్న మాగాణి ఒక్కొక్క మడీ రాళ్లు పాతించుకుంది. ఎక్కువ లేఅవుట్లు పడింది మున్సిపాలిటీ హద్దుకు కాస్త అవతల, గ్రామ పంచాయతీల్లో. అక్కడ లేఅవుట్లకు నిబంధనలు 2002లో వచ్చాయి. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, అదే నుడా, 2017లో గానీ ఏర్పడలేదు. ఒంగోలుది అంతకన్నా తర్వాత. ఊరు పెరిగిపోయాక ఊరి పెరుగుదలను చూసుకునే సంస్థ వచ్చిందన్నమాట.

ఇక ఆ పదో వంతు సంగతి. మ్యాపులో పచ్చరంగు వేయడం ఒక మెట్టు. ఆ స్థలాన్ని, రోడ్లను లేఅవుట్ యజమాని పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రాసి రిజిస్టర్ చేయడం రెండో మెట్టు. ఈ రెండో మెట్టు ఎక్కని లేఅవుట్లలోనే గొడవంతా పుడుతుంది. గిఫ్ట్ డీడ్ లేకపోతే రెవెన్యూ రికార్డుల్లో ఆ ఎకరం పాత రైతు పేరు మీదో, లేఅవుట్ వేసినవాళ్ల పేరు మీదో అలాగే నడుస్తుంటుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో వారసులు వస్తారు. పాస్‌బుక్ చూపిస్తారు, అమ్ముతారు, కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది. వాళ్లలో కొందరికి అది పార్కు స్థలమనే తెలియదు, వాళ్లూ మోసపోయినవాళ్లే.

కోర్టులు ఈ విషయంలో మాట తేల్చి చెప్పాయి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే, బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు 1991లో అది చెల్లదంది. కాలనీవాసులు అడ్డుకోవడానికి హక్కున్నవాళ్లే అంది. కొన్నేళ్లకే చేత్ రామ్ వశిష్ఠ్ అనే ఢిల్లీ కేసులో ఇంకో సంగతి తేలింది. లేఅవుట్లో పార్కుకని చూపించాక ఆ భూమి యజమాని చేతిలో ఉన్నా, ప్రజల తరఫున ధర్మకర్త దగ్గర ఉన్నట్టే లెక్క, అమ్ముకోవడానికి ఉండదు. ఈ తీర్పులు గిఫ్ట్ డీడ్ లేని కాలనీలకు కూడా బలమే. కానీ కోర్టుకు వెళ్లాలి, లాయరు ఫీజుకు చందాలు వేసుకోవాలి, ఏళ్ల తరబడి తిరగాలి. సాయంత్రం పిల్లాడు ఆడుకునే చోటు కోసం అంత టెన్షన్ పడే ఓపిక ఎందరికి ఉంటుంది?

అనుమతే లేని లేఅవుట్లది ఇంకో దారి. వీటిని క్రమబద్ధీకరించడానికి 2007 చివర్లో ఒకసారి, 2020లో మరోసారి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పథకాలు వచ్చాయి. లేఅవుట్లో పదో వంతు ఖాళీ స్థలం లేకపోతే, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీగా కట్టమన్నారు. ప్లాటు కొన్న చిన్న కుటుంబం మీద దయతో పెట్టిన పథకమే, కాదనను. అప్పు చేసి కొన్నవాళ్లకు ఇల్లు కట్టుకునే దారి దొరికింది. కానీ ఇందులో పార్కు డబ్బుగా మారిపోయింది. కాలనీ నిండా ఇళ్లు లేచాక ఎంత డబ్బు చేతిలో ఉన్నా అక్కడ ఎకరం ఎక్కడి నుంచి తెస్తారు? ఊరికి చివర ఎక్కడో పెద్ద పార్కు కట్టినా, ఈ కాలనీ ముసలమ్మ అక్కడిదాకా నడిచి వెళ్లలేదు. పార్కుకు దూరం చాలా ముఖ్యం. నడిచి వెళ్లలేని పార్కు ఆదివారం పార్కు అవుతుంది గానీ రోజూ వాడుకునేది కాదు.

స్థలం దక్కినచోట కూడా కథ అక్కడితో అయిపోదు. పట్టణాల్లో నీళ్లు, మురుగు లాంటి సదుపాయాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. పథకం డబ్బులో రెండున్నర శాతం దాకా పార్కులకు, పచ్చదనానికి వాడుకోవచ్చన్నారు. వాకింగ్ ట్రాకులు, జారుడుబల్లలు, ఓపెన్ జిమ్ సామాను వచ్చాయి. సామాను పెట్టడానికి పథకం ఉంది, కానీ నీళ్లు పోయడానికీ, విరిగిన ఊయల గొలుసు మార్చడానికీ, గేటు తాళం తీసి వేయడానికీ మనిషి జీతం ప్రతి నెలా ఇచ్చే పథకం లేదు. ఒంగోలు తాగునీటికే సాగర్ కుడి కాలువ మీద, వేసవి నిల్వ చెరువుల మీద ఆధారపడే ఊరు. మే నెలలో ఇళ్లకే రోజు విడిచి రోజు నీళ్లు రాని చోట పచ్చిక బతకాలంటే ఎలా? ఇలాంటి నేలలో కార్పెట్ గడ్డి కన్నా నాలుగు వేపలు, నాలుగు కానుగలు, వాటి కింద సిమెంటు బెంచీలు మేలు. మా వైపు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి కాబట్టి, మొక్కలు ఆ నెలల్లో నాటితే వేసవికి వేరు పట్టుకుంటాయి.

వదిలే ముక్క ఎక్కడ వదులుతారన్నది కూడా చూడాలి. చాలా లేఅవుట్లలో పార్కుకు మిగిలేది ప్లాటుగా అమ్ముడుపోని భాగం: కాలువ పక్క పల్లం, కరెంటు లైన్ల కింద స్థలం, త్రికోణంగా మిగిలిన మూల. వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి కాబట్టి పిల్లలు రారు, పిల్లలు రారు కాబట్టి చెత్త వేస్తారు, చెత్త ఉంది కాబట్టి షెడ్డు వేసినా ఎవరూ అడగరు. 2021 నవంబర్లో పెన్న పొంగి నెల్లూరు కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు చూశాం, పల్లం అంటే ఏమిటో.

మా ఎకరం సంగతికి వస్తే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరు మీద ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించాం. ఈసీ ఎవరైనా తీయించుకోవచ్చు, ఖర్చు కొద్దిపాటిదే. అందులో మా ప్లాట్ల రిజిస్ట్రేషన్లన్నీ ఉన్నాయి, గిఫ్ట్ డీడ్ మాత్రం లేదు. ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22–ఏ కింద నిషేధిత జాబితాలో పెట్టమని, ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ నకలు జతచేసి అర్జీ ఇచ్చాం. అందులో పడితే అమ్మకాలు ఆగుతాయి. వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. అర్జీకి రసీదు ఇచ్చారు. మొన్న బుధవారం నాలుగు షట్టర్ల పక్కన ఐదోదానికి పునాది గుంట తీశారు. దాని ఫొటో తేదీతో సహా రెండో అర్జీకి జత చేశాం.